కుండీలో తీగ గులాబీ

పెరట్లో జాగా లేని ఇళ్ళలో కూడా మేడమీదో, వసారాలోనో నాలుగు కుండీలు కనిపిస్తాయి. ఒక గులాబీ, ఒక మల్లె, గ్రిల్లుకు పాకించిన శంఖపుష్పం, మూలన ఒక మనీప్లాంటు. కొందరి ఇళ్ళలో అవి ఏడాది పొడుగునా కళకళలాడుతుంటాయి. మరికొందరి ఇళ్ళలో నర్సరీ నుంచి తెచ్చిన నెల రోజులకే కుండీలో ఎండు పుల్ల మిగులుతుంది. అప్పుడు పెద్దవాళ్ళు "ఆవిడ చెయ్యి మంచిదమ్మా, ఏది నాటినా బతుకుతుంది" అని పొరుగింటి ఆమెను మెచ్చుకుంటారు.

ఆ మంచి చెయ్యిలో ఉన్నదేమిటి? కొంత శ్రద్ధ, కొంత ఓపిక. ఇంకా పరిశీలించి చూస్తే అందులో మీరు తరగతిలో చదువుకునే భౌతికశాస్త్రం, వృక్షశాస్త్రం కూడా ఉన్నాయి. నేలలో పెరిగే మొక్క నీటి కోసం, ఆహారం కోసం వేళ్ళను ఎంత దూరమైనా పంపగలదు. కుండీలోని మొక్కకు ఆ అవకాశం లేదు. పది, పదిహేను లీటర్ల మట్టిలోనే దాని ప్రపంచమంతా ఉంది. ఆ ప్రపంచంలో గాలి, నీరు, ఉప్పులు సరిపాళ్ళలో ఉండేట్టు చూడవలసింది మనమే. అందుకే కుండీలో ఒక తీగ గులాబీని పెంచడం చిన్న ప్రయోగశాలను నడపడం లాంటిది.

వేళ్ళకు ఊపిరాడాలి

కుండీలో మొక్క వాడితే మనకు వెంటనే తోచే మందు నీళ్ళు. చెంబెడు పోస్తాం. సాయంత్రానికి తేరుకోకపోతే ఇంకో చెంబు పోస్తాం. నాలుగు రోజులకు ఆకులు పసుపుపచ్చగా మారి రాలిపోతాయి. "ఇన్ని నీళ్ళు పోసినా బతకలేదే!" అని ఆశ్చర్యపోతాం. ఆ నీళ్ళే దాని ప్రాణం తీశాయేమోనని చాలామంది అనుమానించరు.

ఎలాగో చూద్దాం. మొక్కలు ఆక్సిజన్ ఇస్తాయని మీకు తెలుసు. కాని ఆ పని చేసేవి పచ్చని ఆకులు, అదీ వెలుతురు ఉన్నప్పుడు. వేళ్ళలో పత్రహరితం లేదు, వాటికి వెలుతురూ అందదు. అవి మనలాగే శ్వాసక్రియ జరుపుతాయి. ఆక్సిజన్ తీసుకుని, బొగ్గుపులుసు వాయువును వదులుతాయి. శ్వాసక్రియలో వెలువడే శక్తితోనే కొత్త వేళ్ళు పుడతాయి, మట్టిలోని లవణాలు లోపలికి వస్తాయి.

మరి మట్టిలో వేళ్ళకు ఆక్సిజన్ ఎక్కడిది? మట్టి రేణువుల మధ్య ఖాళీలు ఉంటాయి కదా, వాటిలో కొన్నింటిలో నీరు, కొన్నింటిలో గాలి ఉంటాయి. పైనున్న గాలిలోని ఆక్సిజన్ ఆ ఖాళీల గుండా కిందికి వ్యాపిస్తుంది. ఖాళీలన్నీ నీటితో నిండిపోతే ఈ దారి మూసుకుపోతుంది. ఎందుకంటే గాలిలో కన్నా నీటిలో ఆక్సిజన్ వ్యాపనం సుమారు పదివేల రెట్లు నిదానంగా జరుగుతుంది. నీటిలో ఉన్న కాస్త ఆక్సిజన్‌ను వేళ్ళు, మట్టిలోని సూక్ష్మజీవులు కలిసి త్వరగానే వాడేస్తాయి. తర్వాత మూలకేశాలు చనిపోతాయి, వేళ్ళు కుళ్ళుతాయి. కుళ్ళిన వేళ్ళు నీటిని పైకి పంపలేవు. దాంతో చుట్టూ నీళ్ళు ఉన్నా ఆకులు వాడిపోతాయి!

అంటే ఎక్కువ నీరు పోసినా, తక్కువ నీరు పోసినా మొక్క పైకి ఒకేలా కనిపిస్తుంది. తేడా తెలుసుకోవడానికి సులభమైన మార్గం ఒకటుంది. మట్టిలోకి రెండు అంగుళాల లోతు వేలు దించి చూడండి. పొడిగా ఉంటే నీళ్ళు పోయండి. తడిగా ఉండి కూడా మొక్క వాడుతుంటే నీళ్ళు పోయకండి. కుండీని నీడలోకి మార్చి, అడుగున రంధ్రం మూసుకుపోయిందేమో చూడండి.

మీకిక్కడ ఒక సందేహం రావాలి. వరి నెలల తరబడి నీళ్ళలోనే నిలబడుతుంది కదా! వరి కాండంలోనూ, వేళ్ళలోనూ గాలి గదులు ఉన్నాయి. ఆకుల నుంచి ఆక్సిజన్ ఆ గదుల గుండా వేళ్ళదాకా దిగుతుంది. తామరతూడును అడ్డంగా కోసి చూస్తే అటువంటి గొట్టాలే కంటికి కనిపిస్తాయి. గులాబీకి ఈ ఏర్పాటు లేదు.

స్పాంజితో ఒక ప్రయోగం

ఒక దీర్ఘచతురస్రాకారపు స్పాంజి తీసుకుని బక్కెట్టులో బాగా నానబెట్టండి. పిండకుండా, పడుకోబెట్టిన పుస్తకంలా రెండు చేతుల మీద అడ్డంగా పట్టుకోండి. కాసేపు నీళ్ళు కారి, తర్వాత బొట్లు ఆగిపోతాయి. ఇప్పుడు దాన్ని పొడుగాటి అంచు కిందికి వచ్చేట్టు తిప్పండి. మళ్ళీ నీళ్ళు కారతాయి! అవి ఆగాక పొట్టి అంచు మీద నిలువుగా నిలబెట్టండి. ఇంకా కొన్ని నీళ్ళు వస్తాయి. మీరు స్పాంజిని నొక్కలేదు, కొత్తగా నీళ్ళూ పోయలేదు. మరి ఈ నీళ్ళు ఎక్కడివి?

స్పాంజిలోని సన్నని ఖాళీలు కేశనాళికల్లా పనిచేసి నీటిని పట్టి ఉంచుతాయి. భూమ్యాకర్షణ నీటిని కిందికి లాగుతుంది. ఈ రెండు బలాలు సరితూగే చోట నీటి కదలిక ఆగిపోతుంది. ఫలితంగా అడుగున కొంత ఎత్తువరకు ఖాళీలన్నీ నీటితో నిండే ఉంటాయి. ఆ ఎత్తు ఖాళీల సన్నదనాన్ని బట్టి ఉంటుంది. స్పాంజి పడుకుని ఉన్నప్పుడు దాని మందమంతా ఆ ఎత్తులోనే ఇమిడిపోయింది. నిలబెట్టినప్పుడు అడుగు భాగం మాత్రమే అందులో ఉంది, పై భాగంలోని నీరు కారిపోయి ఆ చోటికి గాలి చేరింది.

కుండీలోని మట్టి కూడా ఇటువంటి స్పాంజే. మీ మట్టిలో అడుగున నీటితో నిండే పొర మూడు అంగుళాలనుకుందాం. ఆరు అంగుళాల లోతున్న కుండీలో సగం మట్టికి గాలి ఆడదు. పన్నెండు అంగుళాల కుండీలో నాలుగో వంతుకే ఆడదు. ఒకే మట్టి, ఒకే నీళ్ళు అయినా లోతైన కుండీలో వేళ్ళు సుఖంగా ఉండడానికి కారణమిదే.

ఇప్పుడు చాలా ఇళ్ళలో ఉన్న ఒక అలవాటును పరీక్షిద్దాం. కుండీ అడుగున రెండు మూడు అంగుళాల మందాన గులకరాళ్ళో, ఇటుక ముక్కలో పరిచి, పైన మట్టి నింపుతుంటారు. అలా చేస్తే నీళ్ళు బాగా దిగిపోతాయని నమ్మకం. తడి స్పాంజిని గులకరాళ్ళ మీద పెట్టి చూడండి. అందులోని నీరు రాళ్ళలోకి దిగిపోతుందా? దిగదు. సన్నని ఖాళీలు పట్టి ఉంచిన నీటిని రాళ్ళ మధ్యనున్న పెద్ద ఖాళీలు లాక్కోలేవు. మట్టి అడుగు పొర పూర్తిగా నీటితో నిండిన తర్వాతే చుక్క రాళ్ళలోకి జారుతుంది. కాబట్టి నీరు నిలిచే పొర ఎక్కడికీ పోదు, రాళ్ళ మీదికి జరుగుతుంది. పన్నెండు అంగుళాల కుండీ మొక్క దృష్టిలో తొమ్మిది అంగుళాల కుండీ అవుతుంది.

రంధ్రం మీద ఒక పెంకు ముక్కనో, చిన్న వల ముక్కనో పెడితే చాలు. అది మట్టి కొట్టుకుపోకుండా ఆపడానికి. నీరు బాగా దిగాలంటే ముతక ఇసుకను అడుగున పరచకుండా, మట్టి అంతటా కలపాలి. కుండీని రెండు ఇటుకల మీద నిలబెట్టాలి. కింద పళ్ళెం పెట్టేవాళ్ళు అందులో నిలిచిన నీటిని పారబోయాలి. లేకపోతే దోమలు కూడా గుడ్లు పెడతాయి.

కుండీ, మట్టి

మామూలు గులాబీకి పన్నెండు అంగుళాల కుండీ, తీగ గులాబీకి పదిహేను నుంచి పద్ధెనిమిది అంగుళాల కుండీ కావాలి. మట్టి కుండీ గోడల్లోని సన్నని రంధ్రాల గుండా నీరు ఆవిరవుతుంది. అందుచేత కూజాలో నీళ్ళలాగే లోపలి మట్టి చల్లగా ఉంటుంది. ప్లాస్టిక్ కుండీలో, సిమెంటు తొట్టిలో నీరు ఎక్కువసేపు నిలుస్తుంది, వాటికి తక్కువసార్లు పోయాలి. ముదురు రంగు ప్లాస్టిక్ కుండీలు మే నెల ఎండలో బాగా వేడెక్కుతాయి. వాటిని దగ్గర దగ్గరగా చేర్చి పెట్టండి. ఎండ తగిలే పక్కకు తడి గోనెసంచి చుట్టినా మంచిదే.

రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు లేదా వానపాముల ఎరువు, ఒక పాలు ముతక ఇసుక కలిపితే గులాబీకి మంచి మిశ్రమం తయారవుతుంది. నల్లరేగడి ఒక్కటే వాడకండి. అది తడిస్తే ఉబ్బి గాలి దారులు మూసేస్తుంది, ఆరితే బీటలు వారి సన్నని వేళ్ళను తెంపుతుంది. పైన రెండు అంగుళాలు ఖాళీ వదిలితే పోసిన నీళ్ళు పొర్లిపోవు. ఎండాకాలంలో మట్టి మీద ఎండుటాకులో, కొబ్బరి పీచో పరిస్తే తడి త్వరగా ఆరదు. గులాబీకి రోజుకు ఆరుగంటల ఎండ కావాలి. అంత ఎండ తగలని చోట మనీప్లాంటు పెట్టుకోవచ్చు.

తూకం చెప్పే నీటి లెక్క

రోజుకు ఎన్ని నీళ్ళు పోయాలి? ఈ ప్రశ్నకు పుస్తకంలో జవాబు వెతకనక్కరలేదు, మొక్కనే అడగవచ్చు. ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే మతాచార్యుడు 1724లో ఆ పనే చేశాడు. కుండీలో మూడున్నర అడుగుల పొద్దుతిరుగుడు మొక్కను పెంచి, మట్టిలోని నీరు ఆవిరి కాకుండా కుండీని సీసపు రేకుతో మూశాడు. రోజూ పొద్దునా సాయంత్రమూ తూచాడు. పగటిపూట మొక్క సగటున 20 ఔన్సుల నీటిని, అంటే అర కిలోకు పైగా, ఆకుల గుండా వదులుతున్నట్టు తేలింది. ఈ ఫలితాలను 1727లో గ్రంథంగా ప్రకటించాడు. బాష్పోత్సేకాన్ని కొలతలతో చూపిన తొలి ప్రయోగాలలో ఇది ఒకటి.

మీరూ చేయవచ్చు. చిన్న కుండీలోని మొక్కకు నీళ్ళు పోసి, అదనపు నీరంతా కారిపోయాక మట్టిని పాలిథీన్ కాగితంతో కప్పి, కాండం చుట్టూ దారంతో కట్టండి. స్ప్రింగు త్రాసుతో తూచండి. పన్నెండు గంటల తర్వాత మళ్ళీ తూచండి. ఒక లీటరు నీరు ఒక కిలో తూగుతుంది కనుక, తగ్గిన ప్రతి 100 గ్రాములకు మొక్క 100 మిల్లీలీటర్ల నీటిని వదిలిందని లెక్క. ఎండరోజున, మబ్బురోజున, గాలి వీచే రోజున తూచి పోల్చండి. జవాబు ప్రతిసారీ మారుతుంది. "రోజూ రెండు చెంబులు" అనే లెక్క ఎందుకు కుదరదో మీకే తెలుస్తుంది. కొద్దిరోజులు అలవాటైతే త్రాసు కూడా అవసరం లేదు. కుండీని కాస్త ఒరగదీసి చూస్తే బరువును బట్టి దాహం తెలిసిపోతుంది.

ఆవకాయ జాడీ నేర్పే పాఠం

బ్రస్సెల్స్ నగరంలో వాన్ హెల్మాంట్ అనే శాస్త్రజ్ఞుడు కూడా ఒక తొట్టిని ప్రయోగశాలగా చేసుకున్నాడు. 200 పౌన్ల ఎండు మట్టిలో 5 పౌన్ల విల్లో మొక్కను నాటి, అయిదేళ్ళు నీళ్ళు మాత్రమే పోశాడు. మొక్క 169 పౌన్లు దాటింది. మట్టి మాత్రం సుమారు 2 ఔన్సులే తగ్గింది! చెట్టంతా నీటితోనే తయారైందని అతను నిర్ణయించాడు. 1648లో, అతను చనిపోయిన తర్వాత, ఈ ప్రయోగం అచ్చయింది. మొక్క దేహంలోని కర్బనం గాలిలోని బొగ్గుపులుసు వాయువు నుంచి వస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు.

అయితే తగ్గిన ఆ 2 ఔన్సులు చిన్నవి కావు. నత్రజని, భాస్వరం, పొటాషియం, ఇనుము వంటి మూలకాలు అందులోనివే. అవి లేకపోతే మొక్క పెరగదు. కుండీలో మరో చిక్కు ఉంది. నీళ్ళు పోసినప్పుడల్లా కొన్ని లవణాలు కరిగి రంధ్రం గుండా బయటికి పోతాయి. కనుక కుండీ మొక్కకు అప్పుడప్పుడు ఎరువు వెయ్యాలి. ఏది తక్కువైందో ఆకులే చెబుతాయి. నత్రజని చాలకపోతే ముందు ముదురాకులు పచ్చబడతాయి. ఎందుకంటే మొక్క ముదురాకుల్లోని నత్రజనిని లేతాకులకు తరలిస్తుంది. ఇనుమును అలా తరలించలేదు. అందుచేత ఇనుము చాలకపోతే లేతాకులు పాలిపోయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటాయి. నత్రజని మితిమీరితే ఆకులు గుబురుగా వచ్చి పూలు తగ్గుతాయి.

ఎక్కువ ఎరువు వేస్తే ఎక్కువ పూలు పూస్తాయా? ఉప్పు కలిపిన మామిడి ముక్కలను మర్నాడు చూడండి. జాడీలో ఊట ఊరి ఉంటుంది, ముక్కలు ముడుచుకుని ఉంటాయి. బయట ఉప్పు గాఢత ఎక్కువైనందువల్ల ముక్కల్లోని నీరు బయటికి వచ్చేసింది. రసాయన ఎరువు గుప్పెడు వేస్తే వేళ్ళకు జరిగేది ఇదే. ద్రవాభిసరణ ఎదురుతిరిగి, నీళ్ళున్నా మొక్క తాగలేకపోతుంది. ఆకుల అంచులు మాడతాయి. మట్టి కుండీ గోడల మీద తెల్లని పొక్కు కనిపిస్తే ఉప్పులు పేరుకుంటున్నాయని గుర్తు. అప్పుడు అడుగు నుంచి ధారగా కారేదాకా రెండు మూడుసార్లు మంచినీళ్ళు పోసి కడగాలి. నెలకోసారి గుప్పెడు చివికిన ఎరువు, పదిహేను రోజులకోసారి బాగా పలుచన చేసిన వేరుశనగ పిండి తేట నీరు చాలు. కొద్దికొద్దిగా, తరచుగా అన్నది కుండీ మొక్కకు మంచి సూత్రం.

తీగలు ఎలా ఎక్కుతాయి?

నేలమీద జాగా లేనప్పుడు పైకి పోవడం తెలివైన పని. తీగ మొక్కలు చేసేది అదే. లావాటి కాండం కోసం ఖర్చు పెట్టకుండా ఇంకొకరి ఆసరాతో వెలుతురును అందుకుంటాయి. ఛార్లెస్ డార్విన్ జబ్బుతో మంచం పట్టిన రోజుల్లో తన గదిలోనే కుండీలో హాప్ అనే తీగను పెట్టుకుని గమనించాడు. దాని కొస గాలిలో గుండ్రంగా తిరుగుతూ ఆసరా కోసం వెతుకుతుంది. వేడి రోజున ఒక్కో చుట్టుకు సగటున 2 గంటల 8 నిమిషాలు పట్టినట్టు అతను రాసుకున్నాడు. ఎగబాకే మొక్కల మీద అతని రచన 1865లో వెలువడింది. మన ఇళ్ళలోని తీగలను అతను చూపిన దారిలోనే విభజించి చూద్దాం.

చుట్టుకునేవి: శంఖపుష్పం, కాశీరత్నం, బచ్చలి, చిక్కుడు. వీటి కాండమే ఆసరాను చుట్టుకుంటుంది. సన్నని దారమో, పుల్లో ఇవ్వాలి. లావాటి స్తంభాన్ని ఇవి చుట్టలేవు. శంఖపుష్పం చిక్కుడు కుటుంబానికి చెందినది. దాని వేరుబుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని స్థిరీకరిస్తాయి కనుక నత్రజని ఎరువు పెద్దగా అక్కరలేదు. మొదటిసారి తీగ పెంచేవాళ్ళు దీనితో ప్రారంభించవచ్చు.

నులితీగలు గలవి: కాకర, బీర, పొట్ల, ద్రాక్ష. నులితీగ కొస ఆసరాను తాకగానే, తాకిన వైపు కన్నా అవతలి వైపు ఎక్కువ పెరుగుతుంది. అందువల్ల అది వంగి చుట్టుకుంటుంది. తర్వాత మధ్య భాగం స్ప్రింగులా మెలిక తిరుగుతుంది. గాలి వీచినప్పుడు ఆ స్ప్రింగు సాగుతుంది, తెగదు. వీటికి వల గాని, దారాల పందిరి గాని కట్టాలి.

వేళ్ళతో అంటుకునేవి: మనీప్లాంటు, తమలపాకు తీగ, మిరియాల తీగ. కణుపుల దగ్గర అబ్బురపు వేళ్ళు పుట్టి గరుకైన తలాన్ని పట్టుకుంటాయి. కొబ్బరి పీచు చుట్టిన కర్ర పాతి, దాన్ని తడుపుతుంటే చాలు.

ముళ్ళతో తగులుకునేవి: తీగ గులాబీ, కాగితం పూల తీగ. వీటికి చుట్టుకునే శక్తి లేదు, నులితీగలు లేవు. అడవిలో పక్క పొదల మీద వాలి, ముళ్ళతో తగులుకుని పైకి పోతాయి. అయితే ఈ రెండింటి ముళ్ళు ఒకటి కావు. గులాబీ ముల్లును బొటనవేలితో పక్కకు నొక్కితే తేలిగ్గా ఊడి వస్తుంది. అది కాండం పైపొరల నుంచి పుట్టినది. కాగితం పూల ముల్లు ఊడదు. ఆకు మొదట్లో పుట్టిన కొమ్మే ముల్లుగా మారింది గనుక దానికి కాండం లోపలి కణజాలంతో సంబంధం ఉంది. కుండీలో పెంచేటప్పుడు ఈ రెండు తీగలనూ మనమే ఆసరాకు కట్టాలి. దారం బిగించి కడితే కొమ్మ లావైనప్పుడు కోసుకుపోతుంది. అరటినార గాని, మెత్తని గుడ్డపీలిక గాని ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టండి.

కొమ్మను వంచితే పూలు

తీగ గులాబీని నిటారుగా కట్టినవాళ్ళు తరచు చెప్పే మాట ఒకటుంది: "ఎనిమిది అడుగులు పెరిగింది, కొసన నాలుగు పూలే పూసింది." అదే కొమ్మను అడ్డంగా వంచి కడితే దాని పొడుగునా చిన్న కొమ్మలు లేచి, ఒక్కోదాని చివర పూలు వస్తాయి. మొక్క అదే, మట్టి అదే. ఇంత తేడా ఎందుకు?

ప్రతి ఆకు మొదట్లోనూ ఒక గ్రీవపు మొగ్గ నిద్రపోతూ ఉంటుంది. కొసనున్న అగ్రపు మొగ్గ పెరుగుతున్నంత కాలం అది వాటిని లేవనివ్వదు. దీన్ని అగ్రాధిక్యత అంటారు. కొసలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కాండంలో కిందికి దిగుతూ ఈ పని చేయిస్తుంది. 1933లో తిమన్, స్కూగ్ అనే శాస్త్రజ్ఞులు ఒక జాతి చిక్కుడు మొక్క కొస తుంచి, ఆ చోట ఆక్సిన్ పెట్టి చూశారు. కొస లేకపోయినా పక్క మొగ్గలు లేవలేదు! కథ అక్కడితో ముగియలేదు. స్ట్రిగోలాక్టోన్లు అనే మరో రకం హార్మోన్లు కూడా కొమ్మలు వేయడాన్ని అదుపు చేస్తాయని 2008లో తెలిసింది. 2014లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు బఠాణీ మొక్కల మీద పరిశోధించి, కొస తుంచగానే పక్క మొగ్గలకు ముందుగా చేరేది చక్కెర అనీ, అదే వాటిని మేలుకొలుపుతుందనీ చూపారు. అంతవరకు చక్కెరలో పెద్ద వాటా ఎదుగుతున్న కొసే లాక్కుంటుందన్నమాట.

కొమ్మను అడ్డంగా వంచినప్పుడు కొస ఆధిక్యత తగ్గుతుంది. మొగ్గలన్నీ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటాయి, పై వైపునున్నవి చాలావరకు లేస్తాయి. కుండీలో అడ్డంగా సాగదీసేంత చోటు లేదంటారా? మూడు నాలుగు వెదురు బద్దలను కుండీ అంచున పాతి, పైన కలిపి కట్టండి. లేత కొమ్మను ఆ బద్దల చుట్టూ, మరచుట్టులా, నిదానంగా ఏటవాలుగా తిప్పుతూ పైకి తీసుకుపోండి. చోటు అంతే, కొమ్మ పొడుగు మాత్రం పెరుగుతుంది. ముదిరిన కొమ్మ విరుగుతుంది గనుక ఈ పని లేత దశలోనే చెయ్యాలి.

కత్తిరింపు, కాపుదల

పొద గులాబీని వానాకాలం వెళ్ళాక, అక్టోబరు ప్రాంతంలో సగానికి కత్తిరిస్తారు. కొత్త కొమ్మలు వచ్చి సుమారు ఏడెనిమిది వారాలకు పూస్తాయి. బయటి వైపు చూసే మొగ్గకు పావు అంగుళం పైన, ఏటవాలుగా కొయ్యాలి. తీగ గులాబీ పొడుగు కొమ్మలను అలా కొయ్యకూడదు. వాటి మీద లేచిన పక్క కొమ్మలను మాత్రం, పూలు అయిపోయాక, రెండు మూడు మొగ్గలు ఉంచి కత్తిరించాలి. చలిదేశాల పుస్తకాల్లోని నెలలు మనకు పనికిరావు. మన వాతావరణంలో గులాబీ పెంపకం గురించి డాక్టర్ బి. పి. పాల్ 1966లో ఒక గ్రంథం ప్రచురించారు. తుప్పు తెగులును తట్టుకునే గోధుమ రకాలను సృష్టించిన శాస్త్రజ్ఞుడాయన. కొత్త గులాబీ రకాలను కూడా ఎన్నింటినో తయారు చేశారు.

కడియం వంటి చోట్ల నర్సరీల్లో అమ్మే గులాబీలు చాలావరకు అంటు మొక్కలు. గట్టి వేళ్ళున్న ఒక గులాబీ మీద మంచి పూల రకం మొగ్గను అంటిస్తారు. అంటు కట్టిన చోట కణుపులా ఉబ్బు కనిపిస్తుంది. నాటేటప్పుడు అది మట్టికి పైనే ఉండాలి. దాని కిందినుంచి వచ్చే చిగుళ్ళు వేరు మొక్కవి. వాటిని మొదటికంటా తీసెయ్యకపోతే పై మొక్క ఆహారమంతా అవే తింటాయి.

గులాబీ ఆకుల మీద నల్ల మచ్చలు ఒక శిలీంధ్రం వల్ల వస్తాయి. ఆకు సుమారు ఏడు గంటలపాటు తడిగా ఉంటేనే దాని సిద్ధబీజం ఆకులోకి చొరబడగలదు. కనుక పొద్దుటిపూట, ఆకులు తడవకుండా, మొదట్లోనే నీళ్ళు పోస్తే సగం తెగులు తగ్గుతుంది. రాలిన మచ్చల ఆకులను ఏరి పారెయ్యాలి. లేత చిగుళ్ళ మీద పేనుబంక చేరితే నీటి ధారతో కొట్టండి, పోకపోతే పలుచని సబ్బునీళ్ళు చల్లండి. అక్షింతల పురుగు కనిపిస్తే మాత్రం జోలికి పోకండి. అదీ, దాని పిల్ల పురుగూ పేనుబంకను తిని మనకు మేలు చేస్తాయి.

చేసి చూడండి

1. అడుగున రంధ్రాలున్న ఒకే కొలత డబ్బాలు రెండు తీసుకోండి. ఒకదాన్ని మట్టితో నింపండి. రెండోదానిలో నాలుగో వంతు గులకరాళ్ళు వేసి, పైన అదే మట్టి నింపండి. రెండింటికీ నిండా నీళ్ళు పోసి ఒక రాత్రి వదిలెయ్యండి. మొదటి డబ్బా అడుగు నుంచి, రెండోదానిలో రాళ్ళ పై నుంచి 100 గ్రాముల చొప్పున మట్టి తీసి, ఎండబెట్టి మళ్ళీ తూచండి. ఎంత నీరు పోయింది? రాళ్ళ వల్ల తేడా వచ్చిందా?

2. ఒకే తీగ గులాబీకి సమానంగా ఉన్న రెండు లేత కొమ్మలను ఎంచుకోండి. ఒకదాన్ని నిటారుగా, రెండోదాన్ని అడ్డంగా కట్టండి. వారానికోసారి కొత్త చిగుళ్ళను లెక్కపెట్టి పట్టిక రాయండి. రెండు కొమ్మలకూ ఎండ సమానంగా తగలాలని మరచిపోకండి.

3. చుట్టుకునే తీగలను అయిదింటిని చూసి, ఏది ఏ వైపు తిరుగుతున్నదో రాయండి. ఒకదాన్ని జాగ్రత్తగా విప్పి, ఎదురు దిక్కులో చుట్టి, రెండు రోజుల తర్వాత చూడండి.

4. కాకర నులితీగ స్ప్రింగులో మధ్యన మెలిక దిక్కు మారే చోటు ఉంటుంది. దానికి అటూ ఇటూ ఎన్ని చుట్టలున్నాయో లెక్కపెట్టండి. రెండు కొసలూ బిగిసి ఉన్న దారాన్ని మధ్యలో పట్టి మెలిపెడితే ఏమవుతుందో చేసి చూస్తే కారణం తెలుస్తుంది.

ఆలోచించండి

మబ్బులు పట్టి వారం రోజులు ముసురుగా ఉంది. వసారాలో వాన తగలని కుండీకి మీ తమ్ముడు రోజూలాగే రెండు చెంబుల నీళ్ళు పోస్తున్నాడు. గులాబీ ఆకులు వాలిపోతున్నాయి. ఆ మొక్కకు ఏమి జరుగుతున్నది? మీరు ముందుగా ఏమి పరీక్షిస్తారు? తర్వాత ఏమి చేస్తారు?